భూకంపాలలో వంతెనలు: నేల, పునాదుల పాత్ర

భూకంపం వచ్చినప్పుడు వంతెన ఎంతగా ఊగుతుంది, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది పైకి కనిపించే గర్డర్లు (అడ్డదూలాలు), పియర్ల (మధ్య స్తంభాల) బలాన్ని బట్టి మాత్రమే తేలదు. వంతెన నిలిచిన నేల స్వభావం, ఆ నేలలోకి దిగిన పునాది రకం కూడా అంతే ముఖ్యం. నేల ప్రభావం మూడు విధాలుగా ఉంటుంది. మొదటిది, లోతులోని రాతి నుంచి వచ్చే ప్రకంపనల తీవ్రతను, లయను మార్చి పైకి పంపడం. రెండవది, పునాదితో పాటు తానూ కదులుతూ వంతెన ఊగే తీరును మార్చడం. మూడవది, తానే బలం కోల్పోయి కుంగడం లేదా పక్కకు జారడం. మొదటి రెండింటిలో నేల వంతెన మీద పడే బలాలను నిర్ణయిస్తుంది. మూడవ దానిలో వంతెనకు ఆధారమే లేకుండా చేస్తుంది.

ఈ సమస్య భవనాలకన్నా వంతెనలకు ఎక్కువ. భవనానికి మంచి నేల చూసి స్థలం ఎంచుకోవచ్చు. నది, కాలువ, చిత్తడి, సముద్రపు పాయ ఎక్కడుంటే వంతెన అక్కడే కట్టాలి. అలాంటి చోట్ల సాధారణంగా ఉండేది వరదలు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి. భూగర్భ జలం కూడా పైపైనే ఉంటుంది. పైగా వంతెన పొడవైన నిర్మాణం. దాని ఒక్కొక్క పియర్ కింద ఒక్కొక్క రకం నేల ఉండవచ్చు. చాలా వంతెనలలో ఒక పియర్ దెబ్బతింటే దాని భారాన్ని పంచుకునే మరో ఆధారం ఉండదు.

నేల పొరలు ప్రకంపనలను మార్చే తీరు

భ్రంశం వద్ద పుట్టిన తరంగాలలో నిర్మాణాలకు ఎక్కువ హాని చేసేవి ఎస్ తరంగాలు. ఇవి తాము సాగే దిశకు అడ్డంగా నేలను కదిలిస్తాయి. గట్టి రాతిలో వీటి వేగం సెకనుకు 1,500 మీటర్లు దాటుతుంది. మెత్తని బంకమట్టిలో 100 నుంచి 150 మీటర్లకు పడిపోవచ్చు. రాతి నుంచి మెత్తని పొరలోకి వచ్చిన తరంగం నెమ్మదిస్తుంది. వేగంలో తగ్గినది కదలిక పరిమాణంలో పెరుగుతుంది. ఒకే భూకంపంలో రాతి మీది ఊరికన్నా ఒండ్రు మీది ఊరు ఎక్కువగా అదరడానికి కారణం ఇదే.

ప్రతి నేల పొరకూ తనదైన ఆవర్తన కాలం, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం ఉంటుంది. పొర మందాన్ని నాలుగుతో హెచ్చవేసి, ఎస్ తరంగ వేగంతో భాగిస్తే అది సుమారుగా వస్తుంది. తరంగ వేగం సెకనుకు 150 మీటర్లుగా ఉన్న 30 మీటర్ల మందపు పొరకు ఇది 0.8 సెకన్లు. పొట్టి, దృఢమైన పియర్లున్న వంతెన అర సెకనులోపే ఒక ఊపు పూర్తిచేస్తుంది. పొడవాటి పియర్లున్న వంతెనకు ఒకటి రెండు సెకన్లు, తీగల వంతెనలకు అంతకన్నా ఎక్కువ పడుతుంది. నేల ఆవర్తన కాలం, వంతెన ఆవర్తన కాలం దగ్గరపడితే అనునాదం ఏర్పడి ఊపు మీద ఊపు పేరుకుంటుంది.

1985 సెప్టెంబరు 19 నాటి మెక్సికో భూకంపం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 8.0 తీవ్రత గల ఆ భూకంపం పుట్టింది పసిఫిక్ తీరంలో. అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మెక్సికో నగరంలో, పూర్వపు సరస్సు అడుగున పేరుకున్న బంకమట్టి సుమారు 2 సెకన్ల లయలో ఊగింది. నగరంలోని రాతి ప్రాంతాలు స్వల్పంగానే అదరగా, సరస్సు ప్రాంతంలో కదలిక అనేక రెట్లు పెరిగింది. ఆ లయకు దగ్గరగా ఉన్న మధ్యస్థ ఎత్తు భవనాలు పెద్ద సంఖ్యలో కూలాయి.

వంతెనల విషయంలో ఇలాంటి పాఠాన్ని 1989 అక్టోబరు 17 నాటి లోమా ప్రియెటా భూకంపం చెప్పింది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో సైప్రస్ వీధి మీదుగా సాగిన రెండంతస్తుల వంతెన రహదారి కూలి 42 మంది మరణించారు. భూకంప కేంద్రం అక్కడికి 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. కూలిన ఉత్తర భాగం చాలావరకు అఖాతపు మెత్తని బురదమట్టి మీద ఉంది. దాదాపు అదే నమూనాలో కట్టిన దక్షిణ భాగం గట్టి ఒండ్రు మీద ఉండి నిలిచింది. తర్వాత వచ్చిన చిన్న ప్రకంపనలను నమోదు చేసినప్పుడు బురదమట్టి మీద కదలిక గట్టి నేల మీది కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. కాంక్రీటు కీళ్లలో ఉక్కు చాలకపోవడం కూలడానికి ప్రత్యక్ష కారణం. కూలిన భాగానికీ నిలిచిన భాగానికీ మధ్య తేడాను ఎక్కువగా నేలే నిర్ణయించింది.

అయితే మెత్తని నేల ఎల్లప్పుడూ ప్రకంపనలను ఒకే నిష్పత్తిలో పెంచదు. కదలిక బలంగా ఉన్నప్పుడు మట్టి దృఢత్వం తగ్గి, శక్తిని ఎక్కువగా పీల్చుకుంటుంది. అందువల్ల తీవ్రమైన భూకంపంలో వేగవంతమైన ప్రకంపనలు కొంత అణగి, నెమ్మదైన ఊపులు మిగులుతాయి. పొట్టి వంతెనకు ఇది ఊరట కావచ్చు. ఎత్తైన పియర్లున్న వంతెనకు ప్రమాదం కావచ్చు.

ఈ తేడాలను లెక్కలోకి తేవడానికి ప్రమాణాలు నేలను తరగతులుగా విభజిస్తాయి. అమెరికా పద్ధతిలో పై 30 మీటర్ల నేలలో ఎస్ తరంగాల సగటు వేగం గీటురాయి: సెకనుకు 760 మీటర్లు దాటితే రాయి, 180 మీటర్ల లోపైతే మెత్తని నేల. భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) గట్టి, మధ్యస్థ, మెత్తని అని మూడు రకాలు చెబుతుంది. గరిష్ఠ స్పందన రాతి లేదా గట్టి నేలలో ఆవర్తన కాలం 0.40 సెకన్ల వరకు, మధ్యస్థ నేలలో 0.55 సెకన్ల వరకు, మెత్తని నేలలో 0.67 సెకన్ల వరకు కొనసాగుతుంది. ఆ పైన ఒకే ఆవర్తన కాలం గల వంతెనకు రాతి మీద పడే బలానికి మెత్తని నేల మీద 1.67 రెట్లు లెక్కించాలి.

నేల, పునాది, వంతెన కలిసి కదలడం

లెక్కల సౌలభ్యం కోసం పియర్ అడుగు కదలకుండా బిగించి ఉందని భావించడం పాత అలవాటు. రాతి మీద ఇది దాదాపు నిజమే. మెత్తని నేలలో మాత్రం పునాది పక్కకు కదులుతుంది, ఒరుగుతుంది, తిరిగి యథాస్థితికి వస్తుంది. వంతెన జడత్వ బలం పునాది ద్వారా నేలను నెడితే, నేల తన దృఢత్వం మేరకు తిరిగి నెడుతుంది. దీనిని నేల–నిర్మాణాల పరస్పర చర్య అంటారు. ఇందులో రెండు భాగాలున్నాయి.

మొదటిది జడత్వ పరస్పర చర్య. పునాది కింద నేల స్ప్రింగులా పనిచేయడం వల్ల వ్యవస్థ మొత్తం సడలి, ఆవర్తన కాలం పెరుగుతుంది. ఈ పెరుగుదలను పియర్ దృఢత్వం, పునాది పక్కకు కదిలే దృఢత్వం, ఒరిగే దృఢత్వాల నిష్పత్తి నుంచి గణించే సూత్రాలను 1970లలో వెలెట్సోస్, ఆయన సహచరులు రూపొందించారు. ఎత్తైన, బరువైన పియర్ చిన్న పునాది మీద ఉంటే ఒరుగుదలదే పైచేయి. ఊగుతున్న పునాది నుంచి తరంగాలు నేలలోకి వెళ్లిపోతూ కొంత శక్తిని తీసుకుపోతాయి. మట్టిలోని అంతర్గత ఘర్షణ మరికొంత శక్తిని హరిస్తుంది. ఈ రెండూ కలిసి వంతెన డ్యాంపింగ్‌ను, అంటే ఊపును అణచే గుణాన్ని, పెంచుతాయి.

రెండవది గతిజ పరస్పర చర్య. పైన బరువేమీ లేకపోయినా, దృఢమైన పునాది చుట్టూ ఉన్న నేల కదలికను యథాతథంగా అనుసరించలేదు. విశాలమైన పునాది పొట్టి తరంగాలను సగటు చేసి వేగవంతమైన ప్రకంపనలను తగ్గిస్తుంది. పొడవైన పైలు (నేలలోకి లోతుగా దింపిన స్తంభం) మాత్రం నేల వంగిన తీరునే వంగాల్సి వస్తుంది. మెత్తని పొర, గట్టి పొర కలిసే చోట ఈ వంపు తీవ్రంగా ఉండి, నేలకు ఎంతో లోతున పైళ్లు పగిలిన సందర్భాలున్నాయి. పైళ్ల తలలను కలిపే పైల్ క్యాప్ దగ్గర మాత్రమే ఉక్కు ఎక్కువగా పెట్టే పద్ధతి ఇక్కడ చాలదు.

మెత్తని నేల మేలా, కీడా?

ఆవర్తన కాలం, డ్యాంపింగ్ రెండూ పెరిగితే వంతెన మీద పడే బలం తగ్గుతుందని, కాబట్టి ఈ పరస్పర చర్యను వదిలేసినా భద్రతకు లోటు లేదని చాలాకాలం నమ్మారు. ప్రమాణాలలోని స్పందన వక్రరేఖలు ఎక్కువ ఆవర్తన కాలానికి తక్కువ బలాన్ని చూపుతాయి కాబట్టి ఆ నమ్మకం సహజమే.

1995 జనవరి 17 నాటి కోబే భూకంపం దీనిని ప్రశ్నార్థకం చేసింది. హాన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వేలోని ఫుకాయే భాగం 635 మీటర్ల పొడవున ఒక పక్కకు ఒరిగి పడిపోయింది. ఒంటి పియర్ల మీద నిలిచిన ఆ వంతెన పైల్ పునాదులపై, ఇసుక–కంకర ఒండ్రులో ఉంది. పియర్లలో నిలువు ఉక్కును మధ్యలోనే ఆపేయడం, చుట్టు కడ్డీలు తక్కువగా ఉండటం కూలడానికి ముఖ్య కారణాలుగా గుర్తించారు. గ్రీకు ఇంజనీర్లు మైలొనాకిస్, గాజెటాస్ 2000లో ప్రచురించిన పరిశీలన మరో సంగతిని జోడించింది. నేల కదలిక ఒక సెకను ఆవర్తన కాలానికి అటూ ఇటూ బలంగా ఉండగా, పునాది సడలడం వల్ల వంతెన ఆవర్తన కాలం పెరిగి సరిగ్గా ఆ తీవ్రత ఉన్న వైపుకే జరిగిందని వారు చూపారు.

బలం తగ్గిన సందర్భాలలో కూడా స్థానభ్రంశం పెరుగుతుంది. వంతెన మొత్తం ఎక్కువగా కదిలితే గర్డరు తన ఆధారం అంచు దాటి కింద పడవచ్చు. పక్కపక్క డెక్కులు (వంతెన పై పలకలు) ఒకదానినొకటి గుద్దుకోవచ్చు. కాబట్టి మెత్తని నేల మేలో కీడో ముందే తీర్మానించడం కుదరదు. ఆ స్థలపు ప్రకంపనల లయను, వంతెన లయను కలిపి చూశాకే తేలుతుంది.

ఇసుక నేల ద్రవీకరణ

వదులుగా ఉండి నీటితో నిండిన ఇసుక భూకంపంలో ఒక్కసారిగా బలం కోల్పోవడాన్ని ద్రవీకరణ అంటారు. మామూలుగా ఇసుక రేణువులు ఒకదానినొకటి ఆనుకొని పై బరువును మోస్తాయి. ప్రకంపనలకు రేణువులు దగ్గరగా సర్దుకోబోతాయి. ఖాళీలలోని నీరు అంత త్వరగా బయటకు పోలేదు. దాని పీడనం పెరిగి, చివరకు పై బరువును రేణువులకు బదులు నీరే మోస్తుంది. అప్పుడు ఇసుకకు నిలకడ ఉండదు. చిక్కని ద్రవంలా ప్రవర్తిస్తుంది. పీడనానికి దారి దొరికిన చోట ఇసుక, నీరు కలిసి బుగ్గలుగా పైకి చిమ్ముతాయి.

వంతెన మీద దీని ప్రభావం నాలుగు రూపాలలో కనిపిస్తుంది. తక్కువ లోతు పునాదులు కుంగి ఒరుగుతాయి. పైళ్లకు పక్కనుంచి దొరికే ఆసరా పోయి, అవి సన్నని పొడవాటి స్తంభాల్లా వంగుతాయి. వంతెన ఆవర్తన కాలం హఠాత్తుగా పెరుగుతుంది. అన్నిటికన్నా హానికరమైనది నాలుగవది: ఏటి గట్టు మొత్తం నీటి వైపుకు జారడం. రెండు మూడు శాతం వాలున్న నేల కూడా మీటర్ల దూరం జరగగలదు. ద్రవీకరించిన పొర పైన గట్టి పొర ఉంటే అది పైళ్లను తనతో నెట్టుకుపోతుంది.

1964లో రెండు భూకంపాలు ఈ సమస్యను ఇంజనీర్ల ముందుకు తెచ్చాయి. మార్చి 27న అలాస్కాలో 9.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో నదీ మైదానాలలోని వంతెనలు పెద్ద సంఖ్యలో దెబ్బతిన్నాయి. ఇరువైపుల గట్లు నది మధ్యకు జరగడంతో వంతెనల పొడవుకు చోటు చాలక డెక్కులు నలిగి పైకి లేచాయి. రాతి మీద పునాదులున్న వంతెనలకు పెద్దగా నష్టం జరగలేదు. నీటితో నిండిన సన్నని ఇసుకలో పైళ్లు దింపిన వాటికే ఎక్కువ నష్టం జరిగింది. జూన్ 16న జపాన్‌లోని నీగతాలో వచ్చిన భూకంపంలో, షినానో నదిపై అప్పటికి కొన్ని వారాల ముందే ప్రారంభమైన షోవా వంతెన గర్డర్లలో అయిదు నదిలో పడ్డాయి. దాని ఆధారాలు ఉక్కు గొట్టపు పైళ్లు. తర్వాత పైకి తీసిన పైలు నేలలోపల వంగి కనిపించింది. గట్టు జారడం వల్ల పైళ్లు వంగాయా, ఆసరా కోల్పోయి పైళ్ల ఊపు పెరగడం వల్లా అన్న చర్చ పరిశోధకుల మధ్య దశాబ్దాల పాటు సాగింది.

తర్వాతి కాలంలోనూ ఇదే జరిగింది. 1991లో కోస్టారికాలోని లిమోన్ భూకంపంలో కరీబియన్ తీరపు నదీ వంతెనలు కొన్ని కూలాయి. 2010 ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో కన్సెప్సియోన్ నగరపు ‘రెండవ హువాన్ పాబ్లో’ వంతెన పియర్లు కొన్ని కుంగి డెక్కు ఎగుడుదిగుడైంది. 2011లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఏవన్ నది గట్లు జారినప్పుడు పొట్టి వంతెనల డెక్కులు రెండు చివర్లలోని ఆధార గోడలైన అబట్‌మెంట్ల పైభాగాలను కదలకుండా పట్టుకున్నాయి. అడుగు భాగాలు నది వైపుకు జరిగాయి. అబట్‌మెంట్లు వెనక్కు ఒరిగి, పైళ్లు దెబ్బతిన్నా, వంతెనలు చాలావరకు కూలకుండా మిగిలాయి.

పునాది రకాలు, వాటి తీరు

గట్టి నేల లేదా రాయి పైపైనే దొరికే చోట విశాలమైన కాంక్రీటు ఫుటింగు చాలు. తీవ్ర ప్రకంపనలలో దీని ఒక అంచు నేలను వదిలి కొద్దిగా లేచి, మళ్లీ ఆనుకోవచ్చు. ఇలా లేవడం ప్రమాదమని ఒకప్పుడు భావించినా, అది పియర్ మీద పడే బలానికి ఒక హద్దు విధిస్తుందని తేలింది. న్యూజిలాండ్‌లో 1981లో పూర్తయిన సౌత్ రాంగిటికీ రైలు వంతెనలో ఎత్తైన పియర్ల కాళ్లు భూకంపంలో ఒకటి తర్వాత ఒకటి కొద్దిగా పైకి లేచేలా ఉద్దేశపూర్వకంగానే కట్టారు. ఆ కదలికను మెలితిరిగే ఉక్కు డ్యాంపర్లు అదుపులో ఉంచుతాయి.

పైల్ పునాది మెత్తని పొరలను దాటి లోతులోని గట్టి పొరకు భారాన్ని చేరుస్తుంది. నిలువు భారానికి ఇది నమ్మకమైనది. పక్క బలాలకు మాత్రం పైలు పైభాగంలోని నేలే ప్రధాన ఆసరా, మెత్తగా ఉండేది సాధారణంగా అదే. బంకమట్టిలో పైలు అటూ ఇటూ ఊగుతుంటే చుట్టూ ఖాళీ ఏర్పడి ఆసరా మరింత తగ్గుతుంది. లోమా ప్రియెటా భూకంపంలో వాట్సన్‌విల్ దగ్గరి స్ట్రూవ్ స్లూ వంతెన పియర్ల అడుగున ఇలాంటి ఖాళీలు స్పష్టంగా కనిపించాయి. డెక్కు కింద పడినప్పుడు పియర్లు దానిని చీల్చుకుని పైకి వచ్చాయి. వాలుగా దింపిన పైళ్లు చాలా దృఢంగా ఉండి బలమంతా తమ మీదకు లాక్కుంటాయి. క్యాప్ దగ్గర విరిగిన అనుభవాల వల్ల భూకంప ప్రాంతాలలో వాటిని జాగ్రత్తగా వాడాలని నేటి ప్రమాణాలు సూచిస్తాయి.

భారతీయ నదులలో ఎక్కువగా కనిపించేది బావి పునాది, ఇంజనీర్ల వాడుకలో వెల్ ఫౌండేషన్. కాంక్రీటు లేదా రాతి కట్టడపు బావిని పైన కడుతూ, లోపలి ఇసుకను తవ్వి తీస్తూ, సొంత బరువుతో నదీ గర్భంలోకి దింపుతారు. చివర అడుగున కాంక్రీటుతో మూసి, పైన వెల్ క్యాప్ వేసి పియర్ లేపుతారు. దీని వ్యాసం పెద్దది, దృఢత్వం ఎక్కువ. చుట్టూ ఉన్న నేల ఒత్తిడి, అడుగునున్న నేల ప్రతిచర్య కలిసి పక్క బలాలను తట్టుకుంటాయి. బావి సొంత బరువే పెద్ద జడత్వ బలాన్ని కలిగించడం, దింపేటప్పుడు వచ్చే ఒరుగు దీని ఇబ్బందులు. వరదలో నదీ గర్భం కోతకు గురైతే బావిని పట్టి ఉంచే నేల ఎత్తు తగ్గి, బయటికి తేలిన భాగం పెరుగుతుంది. అందుకే ఇసుక నదులలో కోత లోతును, భూకంప బలాన్ని విడివిడిగా కాక కలిపి చూడాలి.

అబట్‌మెంట్లు, అప్రోచ్ కట్టలు

వంతెన రెండు చివర్లలో గర్డర్లను మోస్తూ వెనుక మట్టికట్టను ఆపేది అబట్‌మెంట్. భూకంపంలో కట్ట మట్టి దాని మీద అదనపు ఒత్తిడి తెస్తుంది. దానిని గణించే మొనొనోబే–ఒకాబే పద్ధతి 1920లలో జపాన్‌లో పుట్టింది. నేటికీ అనేక ప్రమాణాలలో ఉంది. డెక్కు ఊగుతూ వెనుక మట్టిని గుద్దినప్పుడు ఆ మట్టి ఎదురొత్తిడి డెక్కును ఆపుతుంది. పొట్టి వంతెనల విషయంలో భూకంప బలంలో పెద్ద భాగాన్ని ఈ మట్టే తీసుకుంటుంది. నదిని ఏటవాలుగా దాటే వంతెనలలో ఈ తాకిడి రెండు చివర్లలో సమంగా ఉండక డెక్కు మెలితిరుగుతుంది. అల్పకోణపు మూలలు ఆధారం దాటి జారే ప్రమాదం ఎక్కువ.

కట్ట సరిగా కుదించకపోయినా, దాని కింద మెత్తని నేల ఉన్నా అది కుంగుతుంది. వంతెన చెక్కుచెదరకున్నా దానికీ రోడ్డుకూ మధ్య మెట్టు ఏర్పడి అంబులెన్సులు, సహాయ వాహనాలు ఆగిపోతాయి. అబట్‌మెంట్ వెనుక కాంక్రీటు అప్రోచ్ స్లాబు వేయడం దీనికి ఉపాయం.

ఒకే వంతెన కింద రకరకాల నేలలు

పొడవైన వంతెన ఆధారాలన్నీ ఒకేసారి ఒకేలా కదలవు. తరంగం ఒక చివర నుంచి మరో చివరకు చేరడానికి సమయం పడుతుంది. దారిలో దాని రూపం మారుతుంది. ఒక గట్టున రాయి, మరో గట్టున ఒండ్రు ఉంటే తేడా మరింత పెరుగుతుంది. అప్పుడు పియర్ల మధ్య దూరం క్షణక్షణం మారుతూ కీళ్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. కోబే భూకంపంలో నిషినోమియా ఓడరేవు వంతెన దగ్గర ఒక అప్రోచ్ స్పాను (రెండు ఆధారాల మధ్య భాగం) ఇలాంటి కదలికకు ఆధారం నుంచి జారి పడింది. గర్డరు చివర ఆనే చోటును వెడల్పుగా ఉంచడం, గర్డర్లను ఒకదానికొకటి ఉక్కు తీగలతో కట్టడం దీనికి సులువైన రక్ష. 1971లో లాస్ ఏంజెలెస్ దగ్గరి శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత కాలిఫోర్నియా ఈ పనిని విస్తృతంగా చేపట్టింది.

భ్రంశం నేలను చీల్చుకుని వంతెన కిందుగా వెళ్లినప్పుడు పరిస్థితి వేరు. 1999లో తైవాన్‌లోని చీచీ భూకంపంలో భ్రంశం దాటిన వంతెనలు అనేకం తెగిపోయాయి. 1995 కోబే భూకంపం నాటికి నిర్మాణంలో ఉన్న జపాన్ అకాషి కైక్యో వేలాడే వంతెన అదృష్టవంతమైనది. ఆ భూకంపంలో దాని పునాదుల మధ్య నేల జరిగి, 1,990 మీటర్లుగా అనుకున్న మధ్య స్పాను సుమారు మీటరు పెరిగింది. గోపురాలు, ప్రధాన తీగలు మాత్రమే ఉండి డెక్కు ఇంకా వేయకపోవడంతో నమూనాను సవరించి 1998లో పూర్తిచేశారు.

పరిశోధన, విశ్లేషణ పద్ధతులు

స్థల పరిశోధన బోరు రంధ్రాలతో మొదలవుతుంది. ప్రామాణిక ప్రవేశ పరీక్షలో 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, నమూనా గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలను లెక్కిస్తారు. దీనినే ఎన్ విలువ అంటారు. 2016 భారత ప్రమాణం ప్రకారం 30 దాటితే గట్టి నేల, 10కి తక్కువైతే మెత్తనిది. ఎస్ తరంగ వేగాన్ని బోరు రంధ్రాలలో గానీ, ఉపరితల తరంగాల ద్వారా గానీ కొలుస్తారు. ద్రవీకరణ ముప్పును అంచనా వేయడానికి సీడ్, ఇద్రిస్ 1971లో ప్రతిపాదించిన సులభ పద్ధతి, తర్వాతి సవరణలతో, ప్రపంచమంతటా వాడుకలో ఉంది. భూకంపం కలిగించే ఒత్తిడిని, ఆ ఒత్తిడికి ఇసుక తట్టుకోగల శక్తిని పోల్చడం దాని సారం.

నిర్మాణ విశ్లేషణలో పునాదికి బదులు స్ప్రింగులు, డ్యాంపర్లు ఉంచడం మామూలు పద్ధతి. పైళ్లకైతే లోతు లోతుకూ వేర్వేరు స్ప్రింగులు పెడతారు. కదలిక పెరిగేకొద్దీ వాటి దృఢత్వం తగ్గేలా చూస్తారు. ముఖ్యమైన వంతెనలకు నేల, పునాది, వంతెన మూడింటినీ ఒకే కంప్యూటర్ నమూనాలో చూపుతారు. ఈ లెక్కలను సెంట్రిఫ్యూజ్ యంత్రాలలో చిన్న నమూనాలతోనూ, జపాన్‌లోని ఈ-డిఫెన్స్ వంటి భారీ కంపన వేదికల మీదా సరిచూస్తారు. నేల గుణాలను కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు కాబట్టి, దృఢత్వానికి ఒక కనిష్ఠ విలువ, ఒక గరిష్ఠ విలువ తీసుకుని రెండు విధాలా లెక్కించడం మంచి సంప్రదాయం. బలాలు ఒకదానితో, స్థానభ్రంశాలు మరోదానితో ఎక్కువగా వస్తాయి.

రూపకల్పన, రక్షణ చర్యలు

నేటి రూపకల్పనలో మూలసూత్రం ఒకటుంది: భారీ భూకంపంలో నష్టం తప్పనిదైతే అది పియర్ అడుగున, నేలకు పైన, కంటికి కనిపించే చోట జరగాలి. అక్కడ కాంక్రీటును చుట్టు కడ్డీలతో బిగించి, విరగకుండా వంగేలా చేస్తారు. పియర్ మోయగల గరిష్ఠ బలం కన్నా పునాదికి ఎక్కువ బలం ఇస్తారు. నేలలోపలి పైలు పగిలితే గుర్తించడం కష్టం, బాగుచేయడం ఇంకా కష్టం.

ద్రవీకరించే నేల ఉన్నచోట రెండు మార్గాలున్నాయి. మొదటిది నేలను బాగుచేయడం: కంపనాలతో ఇసుకను కుదించడం, నీరు త్వరగా పోయేలా కంకర స్తంభాలు దింపడం, సిమెంటు కలిపి గట్టిపరచడం. రెండవది ఆ పొరను దాటి లోతైన గట్టి పొరలోకి పునాదిని దింపి, పై పొర ఆసరా లేకున్నా, అది జారి నెట్టినా నిలిచేలా కట్టడం. పాత వంతెనలకు అదనపు పైళ్లు వేసి క్యాప్‌ను పెద్దది చేస్తారు.

బేరింగుల స్థానంలో రబ్బరు–సీసపు ఐసొలేటర్లు పెట్టి వంతెన ఆవర్తన కాలాన్ని పెంచడం మరో ఉపాయం. గట్టి నేలలో ఇది చక్కగా పనిచేస్తుంది. నేల లయ నెమ్మదిగా ఉన్న మెత్తని ప్రాంతంలో మాత్రం వంతెనను అనునాదం వైపుకే నెట్టవచ్చు.

నేలను, పునాదిని కలిపి ఆలోచించిన నిర్మాణానికి గ్రీసులోని రియో–ఆంటిరియో తీగల వంతెన మేటి ఉదాహరణ. 2004లో ప్రారంభమైన ఈ వంతెన దాటే సముద్ర పాయలో నీటి లోతు 65 మీటర్ల వరకు ఉంది. అడుగున గట్టి రాయి అందదు. చురుకైన భ్రంశాలున్న ప్రాంతం. అక్కడి సముద్రగర్భంలో 2 మీటర్ల వ్యాసం, 25 నుంచి 30 మీటర్ల పొడవున్న ఉక్కు గొట్టాలను దగ్గర దగ్గరగా దింపి నేలను బలపరిచారు. వాటి మీద కంకర పొర పరిచి, 90 మీటర్ల వ్యాసమున్న కైసన్లను (బోలు కాంక్రీటు పునాది దిమ్మలను) దాని మీద ఊరకే ఆనించారు. గొట్టాలను కైసన్లకు కలపలేదు. భూకంపం హద్దు మీరితే కైసన్ కంకర మీద కొద్దిగా జారుతుంది. పైకి చేరే బలం అంతటితో ఆగుతుంది. 2008 జూన్‌లో సమీపంలో 6.4 తీవ్రతతో వచ్చిన భూకంపాన్ని ఈ వంతెన సురక్షితంగా దాటింది.

భారతదేశంలో

1934 జనవరి 15 నాటి బీహార్–నేపాల్ భూకంపంలో ఉత్తర బీహార్ గంగా మైదానంలో సుమారు 300 కిలోమీటర్ల పొడవైన పట్టీలో నేల ద్రవీకరించింది. ఇళ్లు ఒరిగిపోయాయి, రోడ్డు, రైలు కట్టలు కుంగాయి. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో కచ్‌ను మిగతా గుజరాత్‌తో కలిపే సూరజ్‌బారీ దగ్గరి వంతెన బేరింగులు దెబ్బతిని గర్డర్లు పక్కకు జరిగాయి. చుట్టుపక్కల చిత్తడి నేలలో ద్రవీకరణ ఛాయలు కనిపించాయి. ఐఎస్ 1893 (2016) ప్రకారం అత్యధిక ముప్పున్న అయిదవ భూకంప మండలంలో బ్రహ్మపుత్రపై 2018లో ప్రారంభమైన 4.94 కిలోమీటర్ల బోగీబీల్ రోడ్డు–రైలు వంతెన బావి పునాదుల మీదే నిలిచింది.

వంతెనలకు ప్రత్యేకంగా ఐఎస్ 1893 మూడవ భాగం 2014లో వెలువడింది. రోడ్డు వంతెనల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2018లో ఎస్‌పీ 114 మార్గదర్శకాలను ప్రచురించింది. పునాదిని పియర్ కన్నా బలంగా ఉంచే సూత్రం, ద్రవీకరణ పరిశీలన వీటిలో భాగమయ్యాయి.

తెలుగు రాష్ట్రాలలో నేల తేడాలు స్పష్టం. హైదరాబాద్ పరిసరాలలో గ్రానైటు పైపైనే దొరుకుతుంది; 2016 ప్రమాణంలో అది రెండవ మండలం. గోదావరి, కృష్ణా డెల్టాలలో మందపాటి ఒండ్రు, నీటితో నిండిన ఇసుక ఉన్నాయి. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం అదే ప్రమాణంలో మూడవ మండలంలోకి వస్తాయి. 1967లో ఒంగోలు దగ్గర, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. చివరి రెండూ గోదావరి లోయకు చెందినవే. రాజమహేంద్రవరం దగ్గర 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన మొదలుకొని, 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన దాకా గోదావరిని దాటేవి ఇసుకలోకి దింపిన బావుల మీదే ఆధారపడ్డాయి. మూడవ మండలంలో ప్రకంపనలు మధ్యస్థంగానే ఉంటాయని అంచనా. అయినా డెల్టా ఒండ్రు వాటిని పెంచగలదు, వదులు ఇసుక ద్రవీకరించగలదు. కనుక ఈ ప్రాంతంలో కొత్త వంతెన కట్టినా, పాత వంతెన భద్రతను పరీక్షించినా, మండల సంఖ్యతో సరిపెట్టుకోకుండా ఒక్కొక్క పియర్ కింది నేలను విడిగా పరిశీలించడం తప్పనిసరి.